కోరం ఉంటేనే పని: యంత్రాలకూ, మనకూ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర రాయడానికి పండితులున్నారు. నేను గుమాస్తాను కనుక, మన పెన్షన్ లెక్కలు చూసే యంత్రాల చరిత్ర నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

నా సర్వీసు చివరి రోజుల్లో ఒక ఉదయం కరెంటు పోయి వచ్చింది. తొందరలో కంప్యూటర్లన్నీ ఒక్కసారే ఆన్ చేయించాను. తెరలు వెలిగాయి గాని ఒక్క బిల్లూ కదలలేదు. బయట బెంచీ మీద ఒక పెద్దావిడ కుటుంబ పెన్షన్ బకాయి కోసం కూర్చుని ఉంది. నేను కంప్యూటర్ చూసే కుర్రవాడి మీద విసుక్కున్నాను.

"మెయిన్ సర్వర్ లేవకముందే మిగతావి లేపామండీ. బీరువా తాళం తీయకుండా ఫైలు అడిగినట్టయింది" అన్నాడతను.

అన్నీ ఆపి, ముందు నెట్‌వర్క్ పెట్టె, తర్వాత మెయిన్ సర్వర్, ఆపైన ఒక్కొక్క కంప్యూటర్ వరుసగా మొదలుపెట్టేసరికి సాయంత్రమైంది. ఆవిడ మర్నాడు మళ్ళీ రావలసి వచ్చింది. తొందరపడింది నేను, తిరిగింది ఆవిడ.

ఆ బాధతోనే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. 1983లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 'వాక్స్ క్లస్టర్' తెచ్చింది. కొన్ని కంప్యూటర్లు కలిసి, ఒకే డిస్కులు వాడుకుంటూ, ఒకే యంత్రంలా పనిచేస్తాయి. అందులో యంత్రాలకు ఓట్లుంటాయి. కావలసినన్ని ఓట్లు కూడకపోతే పని సాగదు. దానికి వాళ్ళు పెట్టిన పేరు కూడా మన సంఘం నియమావళిలోని మాటే: కోరం! మధ్యలో తీగ తెగితే రెండు ముక్కలూ "నేనే ఆఫీసు" అనుకుని ఒకే లెడ్జరులో వేర్వేరుగా రాస్తే లెక్కలు ఏమవుతాయో మనకు వేరే చెప్పాలా?

మన దేశంలో 1988లో ఏర్పడిన సీడాక్ సంస్థ, పూనాలో విజయ్ భట్కర్ గారి నాయకత్వాన, చిన్న ప్రాసెసర్లను అనేకం జోడించి 1991లో 'పరమ్ 8000' తయారుచేసింది. 1994లో అమెరికా నాసాలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనేవారు బజారులో దొరికే 16 మామూలు ప్రాసెసర్లను ఈథర్‌నెట్ తీగలతో కలిపి 'బేవుల్ఫ్' క్లస్టర్ నిర్మించారు. ఖరీదైన పెద్ద యంత్రమే అక్కరలేదు, చిన్నవి క్రమంగా కలిస్తే చాలునని లోకానికి తెలిసింది.

2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. మనం వేలిముద్ర వేసి బతికే ఉన్నామని చెప్పుకునేటప్పుడు ఆ మాట వినేది ఎక్కడో కలిసి పనిచేస్తున్న సర్వర్లే. అది ఒక్క క్షణం ఆలస్యమైతే విసుక్కోకండి. కాని ఎవరి తొందరవల్లనైనా ఒక వృద్ధురాలు రెండోసారి తిరగవలసి వస్తే మాత్రం ఊరుకోకండి, అడగండి. అలా అడగాలంటే మనకూ ఓట్లు కూడాలి. కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశానికి అందరూ వేళకు రావాలని నా ప్రార్థన.