మూతపడిన డిస్కు, తెరుచుకున్న దుకాణం

హార్డ్ డిస్క్ పోయిన కంప్యూటర్‌ను దుకాణానికి పట్టుకెళితే, పాత డిస్కు విప్పి కొత్తది బిగించి, విండోస్ మళ్లీ వేసి సాయంత్రానికల్లా చేతికిస్తారు. ఇంత సులువైన పని కాబట్టి దీనికో చరిత్ర ఉంటుందని ఎవరికీ తట్టదు. కానీ ఇది చిన్న దుకాణంలో కూర్చున్న మనిషి చేతికి రావడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. వచ్చిన తీరు కూడా విచిత్రమే. డిస్కు లోపలికి మెకానిక్ చెయ్యి పోకుండా కంపెనీలు దాన్ని గట్టిగా మూసేశాకే మెకానిక్ వృత్తి వీధిలోకి వచ్చింది. లోపలంతా మూసినా, కంప్యూటర్‌తో కలిసే బయటి అంచు మాత్రం అందరికీ తెరిచి ఉంచడం వల్ల ఇది సాధ్యమైంది. ఇప్పుడు ఆ అంచునే మూసేస్తున్నారు గనుక ఈ చరిత్రను ఒకసారి తిరగేయాలి.

1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ కంప్యూటర్‌తో డిస్కుల కథ మొదలవుతుంది. అందులో రెండడుగుల వెడల్పున్న 50 పళ్లేలు ఒక ఇరుసు మీద తిరిగేవి. దాదాపు టన్ను బరువున్న ఆ యంత్రంలో పట్టేది 50 లక్షల అక్షరాలే. దాన్ని ఎక్కువగా కొనుక్కునేవారు కాదు, నెలకు 3,200 డాలర్లు అద్దె కట్టేవారు. యంత్రం కంపెనీది, మరమ్మతు కూడా కంపెనీ ఇంజినీరుదే. 1962లో వచ్చిన 1311 డ్రైవులో పళ్లేల దొంతరను ఊడదీసి మరొకటి పెట్టుకునే వీలు కలిగింది. కానీ దొంతర బయటికి వచ్చిన ప్రతిసారీ దుమ్ము లోపలికి పోయే ప్రమాదం ఉండేది. చదివే హెడ్డు పళ్లేన్ని తాకితే సమాచారంతో పాటు పళ్లెమూ గీసుకుపోయేది. ఒక డ్రైవులో రాసిన దొంతరను ఇంకో డ్రైవు చదవాలంటే రెండింటి హెడ్లూ సరిగ్గా ఒకే వరసలో ఉండాలి. ఆ వరస కుదర్చడం శిక్షణ పొందిన ఇంజినీరు పని. మన దేశంలో 1978లో ఐబీఎం వెళ్లిపోయినప్పుడు, అది వదిలిన యంత్రాలను చూసుకునే బాధ్యత ప్రభుత్వ రంగ సంస్థ కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది. మనం సీఎంసీగా ఎరిగిన సంస్థ అదే. మరమ్మతు కోసం ఒక కార్పొరేషన్‌నే పెట్టాల్సి వచ్చిందంటే, ఆ రోజుల్లో ఆ పని సామాన్యుడికి ఎంత దూరంలో ఉండేదో తెలుస్తుంది.

మలుపు 1973లో వచ్చింది. వించెస్టర్ అని పిలిచిన ఐబీఎం 3340లో హెడ్లనూ పళ్లేలనూ కలిపి దుమ్ము చొరని ఒకే పెట్టెలో బిగించేశారు. ఏ హెడ్డు ఏ పళ్లేన్ని రాసిందో అదే చదువుతుంది కాబట్టి వరస కుదర్చే బాధ తప్పింది. తేలికపాటి హెడ్లు పళ్లెం మీద మైక్రాన్‌లో సగానికన్నా తక్కువ ఎత్తులో తేలేవి. అంత సన్నని సందులో మనిషి చెయ్యి చేయగలిగింది ఏమీ లేదు. పెద్ద కార్యాలయాల ఇంజినీరు నేర్చిన విద్యలో ఒక ముఖ్య భాగం దీంతో చెల్లిపోయింది. కానీ డిస్కు దానంతట అది ఒక పూర్తి వస్తువైంది. విప్పి బాగుచేసేది కాక, తీసి పక్కన పెట్టి ఇంకోటి బిగించేదిగా మారింది. బల్బును ఎవరూ విప్పి బాగుచేయరు, హోల్డరు కొలత ఒకటే కాబట్టి కొత్తది పెడతారు. 1980లో షుగార్ట్ టెక్నాలజీ, అంటే తర్వాతి సీగేట్, ఎస్టీ-506 అనే 5 మెగాబైట్ల డిస్కును సుమారు 1,500 డాలర్లకు తెచ్చింది. ఫ్లాపీ డ్రైవు పట్టే చోటే అదీ పట్టేది.

పెట్టె మూస్తే సరిపోదు, హోల్డరు కూడా కుదరాలి. అది కుదరడానికి మరో పదేళ్లు పట్టింది. ఎస్టీ-506ను నడిపే బుద్ధి డిస్కులో ఉండేది కాదు, విడిగా ఒక కంట్రోలర్ కార్డులో ఉండేది. ఒక కార్డుతో ఫార్మాట్ చేసిన డిస్కును వేరే కార్డు చదువుతుందన్న నమ్మకం లేదు. డిస్కులో ఎన్ని ట్రాకులు, ఎన్ని హెడ్లు ఉన్నాయో కంప్యూటర్‌కు మనిషే చెప్పాలి. చెడిపోయిన చోట్ల జాబితా కాగితం డిస్కు మీదే అంటించి వచ్చేది. 1986లో కాంపాక్ కంప్యూటర్లలో వచ్చిన ఐడీఈ పద్ధతి ఆ కంట్రోలర్‌ను డిస్కు ఒంటిమీదికే చేర్చింది. క్రమంగా కంప్యూటర్ అడిగితే డిస్కు తన వివరాలు తానే చెప్పడం మొదలైంది. ఆపరేటింగ్ సిస్టమ్ వైపునా ఇలాంటి విడదీతే జరిగింది. 1974లో సీపీ/ఎం రాసిన గ్యారీ కిల్డాల్ ఆ తర్వాత యంత్రానికి సంబంధించిన భాగాన్ని బయోస్‌గా వేరుచేశాడు. 1981 నాటి ఐబీఎం పీసీతో పాటు ఆ కంపెనీ అమ్మిన సాంకేతిక గ్రంథంలో సర్క్యూట్ బొమ్మలూ, బయోస్ ప్రోగ్రామూ అచ్చువేసి ఉన్నాయి. 1983లో 10 మెగాబైట్ల డిస్కుతో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చేసరికి ఒప్పందం తేటపడింది. బయోస్ డిస్కులోని మొదటి 512 బైట్లు చదివేది, ఆ తర్వాత యంత్రాన్ని ఆ ముక్కకే అప్పగించేది. ఆ ముక్క డాస్‌దా, విండోస్‌దా, తర్వాత వచ్చిన లినక్స్‌దా అని అడిగేది కాదు. నా లెక్కలో ఈ అడగకపోవడమే మన దుకాణానికి పునాదిరాయి. ఎవరి యంత్రంలో ఎవరి డిస్కు బిగించినా, దాని మీద ఎవరి వ్యవస్థ వేసినా నడుస్తుందన్న భరోసా అక్కడే పుట్టింది.

ఈ భరోసా మన దగ్గర వ్యాపారంగా మారడానికి వేరే కారణాలూ తోడయ్యాయి. 1984 నాటి కొత్త కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించింది. 1997లో భారత్ చేరిన సమాచార సాంకేతిక ఒప్పందం కింద 2005 నాటికి కంప్యూటర్ల మీదా డిస్కుల మీదా కస్టమ్స్ సుంకం సున్నాకు చేరింది. సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులో సీఎంసీ పరిశోధన విభాగం ఉండేది. ఆ పక్కనే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ విడిభాగాల బజారుగా ఎదిగింది. ఒకటి కార్పొరేషన్ కాలానికి గుర్తు, రెండోది విడిభాగాలు కొని బిగించుకునే అసెంబుల్డ్ సిస్టమ్ కాలానికి. 2011లో థాయిలాండ్ వరదల్లో డిస్కుల ఫ్యాక్టరీలు మునిగి ప్రపంచమంతా ధరలు పెరిగినప్పుడు కూడా, దొరికిన కంపెనీ డిస్కు బిగించి పని గడుపుకునే వీలు ఉండింది. ఈ దుకాణాలు తమవైన అలవాట్లూ పెంచుకున్నాయి. డిస్కును సి, డి అని విడగొట్టి, ఓఎస్ పాడైతే సి ఒక్కటే ఫార్మాట్ కొట్టి డి జోలికి పోకపోవడం అందులో ఒకటి. తెలుగు డీటీపీ సెంటర్ల యంత్రమైతే విండోస్ వేయడంతో పని తీరదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు మళ్లీ ఎక్కించేదాకా పెళ్లి శుభలేఖ ఫైలు కూడా అర్థంలేని గుర్తులుగానే కనిపించేది. యూనికోడ్ తెలుగు కావాలంటే విండోస్ ఎక్స్‌పీలో భాషల సెట్టింగులకు వెళ్లి సీడీ మళ్లీ పెట్టాల్సి వచ్చేది. రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్ తయారుచేసిన వ్యవస్థను తెలుగు పనికి పనికొచ్చేలా చేసి ఇచ్చింది ఈ దుకాణాల కుర్రాళ్లే.

ఈ దుకాణాలను ఇలా మెచ్చుకుంటే రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండింటిలోనూ నిజం ఉంది. ఈ వృత్తి దొంగ సీడీల మీద బతికిందని మొదటిది. అవును, చాలా చోట్ల బతికింది. 2001లో ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ యాక్టివేషన్ పెట్టడానికి కారణం అదే. కానీ మార్చగలగడం వేరు, కాపీ కొట్టడం వేరు. విండోస్ 8 నుంచి కంపెనీ యంత్రాల్లో లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే ఉంటోంది. కొత్త డిస్కు వేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అది తానే పలుకుతుంది. చట్టబద్ధమైన లైసెన్సుకూ డిస్కు మార్పుకూ పొసగదన్న మాట నిలవదని దీంతో తేలింది. డిస్కు విప్పగల విద్య పోయి, స్క్రూలు తిప్పడమే మిగిలిందని రెండో అభ్యంతరం. ఆ విద్య అంతరించలేదు. దుమ్ములేని గదుల్లో హెడ్లు మార్చి డేటా రికవరీ చేసేవారి దగ్గరికి చేరింది. బ్యాకప్ లేని వాళ్లకు అది ఇప్పటికీ ఖరీదైన వైద్యమే, అందరికీ అందదు. కానీ పదిమంది నిపుణుల చేతిలో ఉన్న లోతైన విద్య కన్నా, ప్రతి పట్టణంలో దొరికే మామూలు విద్య ఎక్కువ మందిని ఆదుకుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకా బలమైన వాదన ఒకటుంది. వించెస్టర్ డిస్కును మూసినట్టే ఇవాళ స్టోరేజీని మదర్‌బోర్డుకు అతికిస్తున్నారు, అప్పుడు మెచ్చుకుని ఇప్పుడు గోల చేయడమేమిటని. 2015లో ఆపిల్ తెచ్చిన 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో చిప్పులు బోర్డుకే టంకం వేసి ఉన్నాయి. చౌక ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలోని ఈఎంఎంసీ స్టోరేజీ చిప్పు కూడా అంతే. తేడా ఎక్కడంటే, వించెస్టర్ లోపలిని మూసింది, ఇవి అంచును మూస్తున్నాయి. మొదటిదానితో పాడైన భాగం ఒక్కటే పోయేది. ఇప్పుడు చిప్పు పోతే బోర్డంతా పోతుంది. వేగం కోసమే అలా చేస్తున్నామన్న మాటను పూర్తిగా ఒప్పుకోలేం. ఒక్క స్క్రూతో ఊడివచ్చే ఎం.2 ఎన్‌వీఎంఈ డ్రైవులు చాలా వేగవంతమైన యంత్రాల్లోనే నడుస్తున్నాయి. పల్చదనం, ఖర్చు నిజమైన కారణాలే, కానీ వాటి బరువును మోసేది కొన్నవాడు. భద్రత మాటకు మాత్రం తూకం ఎక్కువ. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడినా లోపలి డేటా చదవలేకపోవడం మంచిదే. అయితే డిస్కును గుప్తం చేసిన కీ ఎక్కడుందో యజమానికి తెలియకపోతే, అదే తాళం అతణ్నీ బయట నిలబెడుతుంది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. విడిభాగాలూ మాన్యువళ్లూ అందుబాటులో ఉండాలని అడగడం వరకు సరే. స్టోరేజీ విడిగా ఊడివచ్చేలా ఉండాలనీ, గుప్తీకరణ కీ కొన్నరోజే యజమాని చేతికి రావాలనీ, ఖాళీ డిస్కు మీద తనకు నచ్చిన ఓఎస్ వేసుకునే వీలు ఉండాలనీ కూడా ఆ హక్కులో రాయించాలి.