నల్లబడ్డ ఆయిల్

మా వీధి చివరి మెకానిక్ దగ్గర ఆయిల్ పరీక్ష పది సెకన్ల పని. డిప్‌స్టిక్ లాగుతాడు, కొసన అంటినదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతాడు, ఆ వేళ్లు నా ముందు పెడతాడు. "నల్లగా అయిపోయింది సార్, జిగట కూడా పోయింది. మార్చేద్దాం." నేను తలూపుతాను. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. అతని అనుభవాన్ని తక్కువ చేయను. కాకపోతే ఆ తీర్పు 1930లకు ముందటి ఆయిల్‌కు అచ్చంగా సరిపోయేది, ఇప్పటి ఆయిల్‌కు సగమే సరిపోతుంది. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే బండి ఇరుసు దగ్గర మొదలుపెట్టాలి.

ఎద్దుబండికి కందెన ఎప్పుడు వేయాలో ఎవరూ లెక్క రాసుకోలేదు. ఇరుసు కిర్రుమంటే వేసేవారు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపితే కందెన తయారు. ఉత్త ఆముదమైతే కారిపోతుంది, మసి దాన్ని పట్టి ఉంచుతుంది. ఇప్పటి గ్రీజులో సబ్బులాంటి పదార్థం చేసే పనీ అదే.

ఆవిరి యంత్రాలు వచ్చాక పశువుల కొవ్వు వాడారు. వేడికి ఆ కొవ్వు విరిగి ఆమ్లాలై లోపలి లోహాన్నే తినేసేది. 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ బావి తవ్వి చమురు తీశాడు. ఆ ముడిచమురు మందుగా పనికొస్తుందేమోనని పరిశీలించిన జాన్ ఎల్లిస్ అనే వైద్యుడికి అందులో ఔషధానికి బదులు కందెన కనిపించింది. 1866లో కంపెనీ పెట్టాడు. ఆవిరి వాల్వులను కాపాడిన ఆ ఆయిలే తర్వాత వాల్వొలీన్ అయింది.

అంతమాత్రాన ఆముదం పని అయిపోలేదు. 1909లో ఇంగ్లండ్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన క్యాస్ట్రాల్ పేరులోనే ఆముదం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నోమ్, ల రోన్ వంటి విమాన ఇంజిన్లు ఆముదం మీదే తిరిగాయి. వాటిలో పెట్రోలు మిశ్రమం క్రాంక్‌కేస్ గుండానే వెళ్లేది. మినరల్ ఆయిల్ పెట్రోలులో కరిగి పల్చబడుతుంది, ఆముదం అంత తేలిగ్గా కరగదు. ఇంజిన్‌లోకి వెళ్లిన ఆయిల్ పొగతో పాటు బయటికి పోయేది కాబట్టి మార్చాల్సిన అవసరమే లేదు. ఆ తుంపరంతా పైలట్ ముఖాన పడేది, కొంత కడుపులోకీ పోయేది. ఆముదం కడుపులోకి వెళితే ఏమవుతుందో మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఇప్పటికీ కనిపించే పంటకు ఇంత గగనయానం ఉంది. అయితే వేడికి ఆముదం చివరికి జిగురు కడుతుంది. మామూలు కార్లకు మినరల్ ఆయిలే దిక్కయింది.

ఏది చిక్కన, ఏది పల్చన అన్నది అప్పట్లో అమ్మేవాడి మాటే. 1911లో అమెరికా ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం, అంటే ఎస్‌ఏఈ, చిక్కదనానికి అంకెలు పెట్టింది. చలికాలపు ఆయిళ్లకు 'డబ్ల్యూ' 1930లలో వచ్చి చేరింది. అది వింటర్‌లోని డబ్ల్యూ. వేడికి విచ్చుకునే పాలిమర్లు కలిపి, చలిలో పల్చగా పారుతూ వేడిలో మరీ పల్చబడకుండా ఉండే మల్టీగ్రేడ్ ఆయిళ్లు 1950లలో బజారుకొచ్చాయి. లంబసింగిని మినహాయిస్తే మనకు గడ్డకట్టే చలెక్కడిది, 20డబ్ల్యూ-50 చాలదా అని అడిగేవాళ్లున్నారు. బెజవాడ ఎండకు చిక్కటి ఆయిలే మంచిదని వాదించేవాళ్లూ ఉన్నారు. నీళ్లతో చల్లబడే కారు ఇంజిన్‌లో కూలెంట్‌ను ఎండలోనైనా వానలోనైనా దాదాపు 90 డిగ్రీల దగ్గర నిలిపేది థర్మోస్టాట్. కాబట్టి బయటి ఎండకన్నా, పొద్దున్నే తాళం తిప్పిన తొలి క్షణాల్లో ఆయిల్ ఇంజిన్ పైదాకా ఎంత త్వరగా చేరుతుందన్నదే ముఖ్యం, పల్చటి ఆయిల్ గొప్పతనం అక్కడే. గాలితో చల్లబడే పాత బైకు సంగతి వేరు, అక్కడ బెజవాడ వాదనకు బలముంది.

ఇక నలుపు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ఆయిల్ పంపు లేదు, ఫిల్టరు లేదు, డిప్‌స్టిక్ కూడా లేదు. ఆయిల్ ఎంతుందో చూడాలంటే కారు కింద దూరి రెండు చిన్న కుళాయిలు తిప్పాల్సిందే. మురికి అడుగున బురదలా పేరుకునేది. 1923లో ప్యూరోలేటర్ ఫిల్టరు వచ్చింది, మరుసటి ఏడాది క్రిస్లర్ కారులో దాన్ని పెట్టారు. అసలు మలుపు మాత్రం ట్రాక్టర్లతో వచ్చింది. 1930ల నడిమిలో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ రింగులు జిగురు పట్టి గాడుల్లో ఇరుక్కుపోతుంటే, కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఆయిల్‌లోనే మురికి వదలగొట్టే డిటర్జెంట్ కలిపింది. అప్పటిదాకా గోడలకు అంటుకున్న మసి ఇప్పుడు ఆయిల్‌లో తేలుతూ తిరగసాగింది. అంటే ఆయిల్ నల్లబడుతోందంటే అది ఇంజిన్‌ను కడుగుతోందని అర్థం. కొత్త ఆయిల్ పోసిన డీజిల్ బండి వారం తిరక్కుండానే నల్లగా చూపిస్తే కంగారుపడేవాళ్లను చూశాను. ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినా తేనె రంగు చెడకపోతేనే నాకు అనుమానం.

డబ్బా మీది ఎస్‌ఎన్, ఎస్‌పీ అక్షరాలు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌వి. ఈ వరస 1970ల మొదట్లో వచ్చింది. రెండో అక్షరం ముందుకెళ్లేకొద్దీ కొత్తది, ఎస్‌పీ 2020 నాటిది. ఏ మందూ కలపని ఎస్‌ఏ 1930 తర్వాతి ఇంజిన్లకు పనికిరాదు. బైకులకు జపాన్ వారి 'ఎంఏ' గుర్తు చూడాలి. బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించడానికి కలిపే మందు వాటిని జార్చేస్తుంది. 2020లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్లకు తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ కావాల్సి వచ్చింది, లేకుంటే పొగగొట్టంలోని ఫిల్టరు పూడుకుపోతుంది. చవకగా వచ్చిందని పాత రకం పోస్తే నష్టం అక్కడే.

ఎప్పుడు మార్చాలన్న అంకెను ఆయిల్ కన్నా ఇంధనం ఎక్కువ నిర్ణయించింది. డీజిల్‌లోని గంధకం కాలి ఆమ్లమవుతుంది, దాన్ని విరిచే క్షారం ఆయిల్‌లో ఉంటుంది. ఆ క్షారం తరిగిపోతే ఆయిల్ చేవ చచ్చినట్టే. 1996కు ముందు మన డీజిల్‌లో గంధకం ఒక శాతం, అంటే పది లక్షల్లో 10,000 పాళ్ల దాకా ఉండొచ్చు. బీఎస్-6లో అది 10. పాత లారీ డ్రైవర్లు ఆయిల్ మార్చడానికి తొందరపడ్డారంటే కారణం ఛాదస్తం కాదు. అమెరికాలో 3,000 మైళ్ల లెక్క కార్బ్యురేటర్లు పోయాక కూడా చాలాకాలం బతికింది, ఆయిల్ మార్చే దుకాణాలకు అది గిట్టుబాటు మరి. 1970ల నడుమ సింథటిక్ మొబిల్ 1 ఏడాది లేదా 25,000 మైళ్లని చెప్పుకుంది. 1988లో జనరల్ మోటార్స్, ఇంజిన్ ఎలా తిరిగిందో లెక్కగట్టి ఆయిల్ ఆయుష్షు చెప్పే ఏర్పాటును ఓల్డ్స్‌మొబైల్‌లో పెట్టింది.

వీటన్నిటికన్నా నాకు నచ్చింది రైల్వేవాళ్ల పద్ధతి. 1946లో అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్వే, వాడిన ఆయిల్‌ను మండించి ఆ వెలుగులో ఇనుము, రాగి, సీసం జాడ చూసి ఏ భాగం అరుగుతోందో పట్టుకుంది. మన రైల్వే డీజిల్ షెడ్లలోనూ అలా ఆయిల్ పరీక్షించే ప్రయోగశాలలు వెలిశాయి. వందల లీటర్లు పట్టే లోకోకు ఆ ఖర్చు గిట్టుతుంది, మూడున్నర లీటర్ల కారుకు ఎవరు చేయిస్తారు?

నా కారు పుస్తకంలో పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంది. నాది ఏడాదికి మూడువేలు దాటదు. కూరగాయల బజారు, బ్యాంకు, మళ్లీ ఇల్లు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాను, లోపల పుట్టిన తేమ ఆవిరై పోదు. పోయిన వానాకాలం ఆయిల్ మూత తీస్తే అడుగున మీగడలా తెల్లటి నురగ. మెకానిక్ మాత్రం అటు చూడలేదు. డిప్‌స్టిక్ లాగి, వేళ్లు నలిపి, "నల్లగా అయిపోయింది సార్" అన్నాడు. మార్చెయ్యమన్నాను.