గంట చెప్పలేని మాట



కోలారు బంగారు గనుల పేరు వినని తెలుగువారు మన సరిహద్దు జిల్లాల్లో అరుదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఆ గనుల నిర్వహణ చేపట్టింది. పని కోసం ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువారు, చుట్టుపక్కల పల్లెల నుంచి కన్నడిగులు చేరారు. దొరల మాట ఇంగ్లీషు. మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగిన ఛాంపియన్ రీఫ్ గనిలో ఒత్తిడికి రాతిపొరలు ఉన్నట్టుండి పగిలిపోయేవి. అటువంటి చోట హెచ్చరిక అర్థం కాకపోతే ప్రాణమే పోతుంది.

మరి ఇన్ని భాషలవారికి జాగ్రత్తలు చెప్పడం ఎలా? గనుల్లో కొన్ని పనులకు గంటే భాష. మనుషులను దింపే కేజి కదులుతుండగా ఒక్క గంట కొడితే ఆపమని అర్థం. దానికి తమిళమూ తెలుగూ అక్కర్లేదు. కానీ, పైకప్పు బండను తట్టి చూసినప్పుడు డొల్ల శబ్దం వస్తే దాని కింద నిలబడకూడదనీ, మందు పేలకుండా మిగిలిన కన్నంలో మళ్ళీ తొలవకూడదనీ గంట చెప్పలేదు. అది మాటల్లోనే చెప్పాలి. ఎందుకో కూడా చెప్పాలి.

1948 ఫ్యాక్టరీల చట్టం, నోటీసులను ఇంగ్లీషుతోపాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో పెట్టాలంది. మంచిదే. ఆ ఎక్కువమందిలో చేరనివారి సంగతేమిటి? హోసూరులోనో బళ్ళారిలోనో ఒక షెడ్డులో మనవాళ్ళు నలుగురే ఉండవచ్చు. సంతలో బేరానికి సరిపోయే తమిళం, కన్నడం యంత్రం దగ్గర ప్రమాదవేళ సరిపోకపోవచ్చు. చదువు రానివారికి ఏ భాష బోర్డయినా ఒకటే.

కాబట్టి శిక్షణ అయ్యాక కాగితం మీద వేలిముద్ర తీసుకుంటే చాలదు. విన్నది తన మాటల్లో తిరిగి చెప్పమనాలి, చేసి చూపించమనాలి. మీరు కూడా అర్థం కానిచోట తల ఊపకండి. మేస్త్రీని మళ్ళీ అడగండి. అది నామోషీ కాదు.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ ప్రశ్న మూతపడలేదు. తెలంగాణలో ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కూలీలు వస్తుంటారు. అక్కడ ఎక్కువమంది భాష మనది. కోలారులో మనవాళ్ళకు ఏ మాట అందాలని కోరుకుంటామో, ఆ మాట వారికి ఒడియాలో అందించడం మన వంతు.