సాలార్‌జంగు మ్యూజియము - ఒక ప్రశ్న

ధామన్కర్ నాకా నుండి స్వగ్రామాలకు పోయే మనవారు హైదరాబాదులో రైలు దిగి వెంటనే బస్సు పట్టుకొంటారు. కిందటి వేసవిలో మేము ఒకరోజు ఆగి సకుటుంబముగా సాలార్‌జంగు మ్యూజియము చూచాము.

నిజాము దివానులైన సాలార్‌జంగుల నివాసము దివాన్ దేవిడీ. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ అవివాహితుడు. తన ధనమును కళాఖండముల సేకరణకే వెచ్చించి 1949లో గతించాడు. 1951 డిసెంబరు 16న ఆ దేవిడీలోనే పండిత నెహ్రూ ప్రదర్శనశాలను ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టము ద్వారా అది జాతీయ సంస్థ అయినది. 1968లో వస్తువులన్నీ మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారినవి. దేవిడీ మాత్రము నిలువలేదు; ద్వారములే మిగిలినవి.

మొదటి సాలార్‌జంగు 1876లో రోము నగరమున కొన్న ‘మేలిముసుగు రెబెకా’ పాలరాతి శిల్పము ఎదుట మా బాపు చాలాసేపు నిలిచాడు. ఆయన నలభై ఏళ్ళు సాంచాల మీద బ్రతికినవాడు. శిల్పి బెంజోనీ పేరు నేను చదివి వినిపించగా, “రాతిల గింత పల్చని బట్ట చెక్కినోని పేరు నిలిచింది. మనం నేసిన బట్ట మీద మన పేరేదిరా?” అన్నాడు.

వస్త్రముల విభాగములోనూ నేతగాని పేరు మాకు కనబడలేదు.

ఈ ఉగాదినాడు పెట్టెలు తెరచి చూడండి. తాతలు నేసిన చీరయో, తువాలో ఉంటే, నేసినవారి పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి దానితోపాటు దాచండి. మ్యూజియము చూడదలచినవారు శుక్రవారము పోవద్దు; ఆనాడు సెలవు.