గరికపాడూ కోస్తాయే

మొన్న బందరు వైపు ఒక పెళ్ళిలో పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి, మాది జగ్గయ్యపేట దగ్గర గరికపాడని చెప్పగానే, "చెక్‌పోస్టు ఊరేగా! అది కోస్తా ఏమిటండీ? 2022లో మీరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళారు, సముద్రం మాకు మిగిలింది" అన్నారు. పెద్దాయన కదా అని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

సముద్రం మాకు దాదాపు 150 కిలోమీటర్లు, నిజమే. ఒడ్డే కొలత అయితే బెజవాడ కూడా కోస్తా కాదు. అసలు చిక్కు జిల్లా చరిత్రలు రాసినవాళ్ళతో వచ్చింది. చాలామంది 1855 నాటి కృష్ణా ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి, కాలువల వెంట నడిచి బందరులో ఆగుతారు. నందిగామ, జగ్గయ్యపేట వాళ్ళకు హైదరాబాదు దారిలో కనపడి దాటిపోయే ఊళ్ళు.

మా ఊరి పేరు విషయంలోనూ ఇదే తొందరపాటు. "గరిక మొలిచి పాడుబడింది కాబట్టి గరికపాడు" అని చెప్పేవాళ్ళున్నారు. ఊరి పేర్ల చివర వచ్చే 'పాడు' శిథిలం కాదు, జనం కుదురుకున్న చోటు. లేకపోతే తెలుగునాట ఇన్ని పాడులు ఇంత కళకళలాడుతూ ఎలా ఉంటాయి? ఇక గరిక సంగతి రేగడి చేలో గుంటక తోలినవాణ్ణి అడగండి. పైన కోసేస్తే చాలదు, కణుపు మిగిలినా మళ్ళీ లేస్తుంది. తడీ సత్తువా ఉన్న నేలను వెతుక్కుని పట్టుకుంటుంది. అది చూసే మొదటివాళ్ళు ఇక్కడ నాగలి దించారని నా నమ్మకం.

అంత పాతకాలంలో ఇక్కడ ఊళ్ళున్నాయా అంటే, జగ్గయ్యపేట చెబుతుంది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరిట పేట కట్టించిన దగ్గర్నుంచే ఊరి చరిత్ర మొదలని వేదికల మీద ఇప్పటికీ వింటున్నాం. పేటకు అదే మొదలు, నేలకు కాదు. 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ అక్కడే బేతవోలు పక్కన ధనంబోడు దగ్గర తవ్విస్తే బౌద్ధ స్తూపమూ, దాని వాకిట నిలిపిన, శాసనాలున్న ఆయక స్తంభాలూ బయటపడ్డాయి. వాటి మీద రాసిన తేదీ: ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏడు, వానాకాలపు ఎనిమిదో పక్షం, పదో రోజు. కమ్మకరఠమనే ప్రాంతానికి చెందిన నాకచందుడి కొడుకు, శిల్పి సిద్ధార్థుడు, వెలగిరి అనే ఊరి మహాచైత్యం తూర్పు వాకిట అయిదు స్తంభాలు నిలిపాడు.

ఆ శాసనంలో నాకు బాగా నచ్చేది ఒక్క మాట: తల్లి నాగిలానిని "ముందు నిలుపుకుని" అని. తరువాతే భార్య, పిల్లలు, సోదరుడి కుటుంబం, చుట్టాలు, స్నేహితులు. నాగార్జునకొండ శాసనాల్లో రాణివాసం దానాలు కనిపిస్తే, మా దగ్గర పనిచేసి బతికిన ఒక ఇంటి మనుషులంతా పేరుపేరునా నిలబడ్డారు. నాగార్జునకొండ బయటపడింది 1926లో. అంతకు నలభై నాలుగేళ్ళ ముందే ఈ రాజు పేరును లోకానికి చెప్పింది మా రాళ్ళు. పాఠ్యపుస్తకాల్లో మాత్రం నాగార్జునకొండలోని విజయపురి ఒక్కటే! రుతువులూ పక్షాలూ లెక్కపెట్టడం ఆనాటి దేశమంతటి పద్ధతే అంటారు పండితులు. కాదనను. వానాకాలం ఎక్కడ ముగుస్తుందో లెక్క తెలియనివాడికి మెట్టలో కూడు దొరకదని మాత్రం అంటాను.

మా ఎండనూ ఎత్తిపొడిచారు ఆ పెద్దాయన. ఫాల్గుణంలో మా కల్లాలకు రండి. ఎర్రగా పరిచిన మిర్చి పైది కిందికీ కిందిది పైకీ తిరగేస్తూ ఆడవాళ్ళు కొంగు ముక్కుకు చుట్టుకుని పనిచేస్తుంటారు. కాయ గలగలమన్నాకే బస్తాకెక్కుతుంది. ఆ ఎండ లేకపోతే పత్తి కాయ పగలదు, కారానికి రంగు రాదు. మెట్టపంటల సలహాలకు మా ఊళ్ళో కృషి విజ్ఞాన కేంద్రం పెట్టింది చెక్‌పోస్టును చూసి కాదు.

తెలంగాణతో సరిహద్దంటారా, దానంత నిలకడలేనిది ఇంకేదీ లేదు. నిజాం రోజుల్లో ఉంది, 1956లో పోయింది, 2014లో మళ్ళీ వచ్చింది. అవతల మునగాల పరగణా నిజాం నేల మధ్యన ఉండి కూడా అప్పట్లో కృష్ణా జిల్లాదే. పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు అక్కడ దివానుగా ఉంటూనే తెలుగువాళ్ళకు శాసనాలు చదవడం నేర్పారు. ఆయనకు అడ్డురాని గీత మనకెందుకు అడ్డురావాలి?

2024 సెప్టెంబరు 1న పాలేరు పొంగి, మా ఊరి దగ్గర వంతెన పక్క రోడ్డు కోసుకుపోయి రాకపోకలు ఆగిపోయాయి. గట్టున నిలబడి చూశాను. చిక్కటి నీళ్ళు, చేలల్లోని మట్టినంతా మోసుకుంటూ కృష్ణ వైపు ఉరికాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. పాలేరూ మున్నేరూ వేల ఏళ్ళుగా చేస్తున్న పని అదే. ఎగువ నేలలు అరిగి, ఒండ్రయి, సముద్రాన్ని వెనక్కి నెట్టి డెల్టా పరుచుకుంది. ఆ పెళ్ళిలో మేం తిన్న అన్నం ఆ ఒండ్రులో పండిందే. అందులో మా పొలాల మట్టీ ఉంది.