టైరు చెప్పు దగ్గరే ఆగిన బూటు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క గొర్రెలు కాసేవాళ్లకు టైరు చెప్పుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పాత టైరును పాదం కొలతకు కోసి, పైపట్టీ కూడా టైరు ముక్కతోనే వేసి మేకులతో బిగిస్తారు. తుమ్మముల్లు అంత సులువుగా దిగదు, గుట్టరాళ్ల మీద ఎంత తిరిగినా ఓ పట్టాన అరగదు. వాన తక్కువైన ఈ సీమలో ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకన్నా మంచి జోడు లేదు. కానీ సెప్టెంబరు, అక్టోబరు వానలు పట్టుకుంటే దొడ్డంతా రొచ్చవుతుంది. పేడ, ఉచ్చ, బురద వేళ్ల సందుల్లో చేరి చర్మం పాచిపోతుంది, పుండ్లు పడతాయి. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లలో పుండుకాలు పెడితే ఎలుక జ్వరమూ సోకవచ్చు. గొర్రె కుంటితే వెంటనే గిట్ట పట్టి చూసే మనిషి తన కాలు చూసుకోడు. నా బాధ అదే.

ఆ టైరు చెప్పుకూ రబ్బరు బూటుకూ మూలం ఒకటే. అమెజాన్ అడవుల జనం చెట్టుపాలను అచ్చు మీద పూసి, పొగబెట్టి జోళ్లు చేసేవాళ్లు. 1820లలో అవి అమెరికాకు చేరాయి. తడి దిగదని జనం ఎగబడ్డారు గానీ, ఎండాకాలం అవి జిగటయ్యేవి, చలికి బిగుసుకుపోయేవి. చార్లెస్ గుడ్‌ఇయర్ ఈ చిక్కు విప్పాలని ఏళ్ల తరబడి తిప్పలు పడ్డాడు, అప్పులు తీర్చలేక జైలుకూ వెళ్లాడు. 1839లో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలింది. కరిగిపోవాల్సింది తోలులా మాడింది. మాడిన అంచు పక్కనే, ఎండకూ చలికీ చెడని రబ్బరు కనిపించింది. గంధకం రబ్బరు పోగులను ఒకదానితో ఒకటి ముడివేసిందన్నమాట. 1844లో పేటెంటు వచ్చింది. 1860లో ఆయన అప్పులతోనే పోయాడు.

బూటు ఆకారం మాత్రం ఒక సేనానిది. 1799లో మన పక్కనే శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మీద పోరాడిన ఆర్థర్ వెల్లెస్లీ తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అయ్యాడు. ఆయన లండన్‌లో కుట్టించుకున్న తోలు బూటుకు ఆ పేరే నిలిచింది. 1853లో హైరామ్ హచిన్సన్ గుడ్‌ఇయర్ దగ్గర హక్కులు కొని ఫ్రాన్స్‌లో రబ్బరు బూట్లు మొదలెట్టాడు. పొలాల్లో కొయ్యజోళ్లతో తిరిగే రైతులు వాటిని అందుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల బురద కోసం ఒక్క బ్రిటిష్ కంపెనీయే దాదాపు 12 లక్షల జతలు చేసింది.

మన కాపరికి ఆ రబ్బరు బూటుగా అందలేదు, అరిగిన టైరుగా అందింది. అడుగు వచ్చింది, పైభాగం రాలేదు.

ఇప్పుడు గంబూట్లు కొట్లలో దొరుకుతున్నాయి. మందతో గుట్టలెక్కడానికి అవి పనికిరావు. ఎండకు కాలు ఉడుకుతుంది, మడమ ఒరిసి బొబ్బలెక్కుతుంది. అక్కడ టైరు చెప్పే మేలు. దొడ్డి ఊడ్చేటప్పుడు, పేడ ఎత్తేటప్పుడు బూటు వేసుకోవాలి. పిక్క సగం దాకా వచ్చేది చాలు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, నూలు మేజోళ్లు తొడుక్కుని కొలత చూడండి. అడుగున గాళ్లు లోతుగా, ఎడంగా ఉంటే బురద ఇరుక్కోదు. ఇంటికి తెచ్చాక బకెట్ నీళ్లలో నిలబెట్టి, లోపల తడి తగులుతుందేమో చెయ్యిపెట్టి చూడండి.

గాలికుంటు సోకిన దొడ్డి నుంచి వస్తే లీటరు నీటికి 40 గ్రాముల వాషింగ్ సోడా కలిపి బూట్లు కడిగాకే మీ దొడ్డిలో అడుగుపెట్టండి.