పుట్టిన ఏడు: పిల్లల కోసం అంతర్జాలంలో కట్టిన కంచె కథ

మా తగరపువలస పక్కనే భీమునిపట్నంలో డచ్చివారి సమాధులున్నాయి. అందువల్ల మా ప్రాంతంలో చరిత్ర అనగానే అందరి చూపూ సముద్రం వైపే మళ్ళుతుంది. అయితే ఇరవయ్యేళ్ళ నాటి సంగతులు కూడా చరిత్రే కదా! సోషల్ నెట్‌వర్కింగ్ సైట్లలో పిల్లల్ని కాపాడేందుకు పెద్దలు ఎప్పటికప్పుడు ఏ కంచె కట్టారో, అది ఎందుకు చాలలేదో నాకు తెలిసినంతలో ఇక్కడ రాసిపెట్టదలచాను.

ఏ సైటులో చేరాలన్నా మొదట పుట్టిన తేదీ అడుగుతారు. చాలా సైట్లు 13 ఏళ్ళు నిండితే చాలంటాయి. ఈ 13 అనే అంకె ఎక్కడిది? అమెరికా చట్టసభ 1998లో పిల్లల ఆన్‌లైన్ గోప్యత కోసం ఒక చట్టం చేసింది. అది 2000 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. పదమూడేళ్ళ లోపు పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించరాదని దాని సారాంశం. ఇంటింటా అనుమతి సంపాదించడం కన్నా ఆ వయసు వారిని రావద్దనడమే కంపెనీలకు సులువైంది. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ అందరికీ తలుపులు తెరిచినప్పుడు పెట్టిన హద్దూ అదే. అంటే ఆ అంకె పుట్టింది వివరాల సేకరణను అదుపు చేయడానికి. తెర అవతల కూర్చున్న అపరిచితుడి సంగతి ఆ లెక్కలో లేదు.

మన దేశంలో ఈ కథ ఆర్కుట్‌తో మొదలయింది. 2004 జనవరిలో వచ్చిన ఆ సైటు ఆరంభంలో 18 ఏళ్ళు నిండినవారికే. పైగా 2006 దాకా ఎవరో ఒకరు ఆహ్వానం పంపితే గాని ప్రవేశం లేదు. ఆ రోజుల్లో మా ఊరి హైవే పక్కన ఉన్న నెట్ సెంటర్లలో బడిపిల్లలు కూడా కూర్చునేవారు. ఒకసారి నా పక్క సీటులోని తొమ్మిదో తరగతి కుర్రాడు "అన్నయ్యా, ఇక్కడ ఏ ఏడు వెయ్యాలి?" అని అడిగాడు. సెంటర్ నడిపే అతను తల ఎత్తకుండానే "ఎనభై ఆరు వేసెయ్ బాబూ" అన్నాడు. ఒక్క మాటతో ఆ అబ్బాయికి ఇరవయ్యేళ్ళు వచ్చేశాయి. చిట్టివలస జూట్ మిల్లులో షిఫ్టు చేసే తండ్రులకు ఇలాంటి సైటు ఒకటుందని తెలిసే వీలే లేదు.

అప్పట్లో మనలో చాలామంది కలం పేర్ల చాటున రాసుకున్నవాళ్ళమే. పిల్లలు మాత్రం అసలు పేరు, బడి పేరు, ట్యూషన్ వేళలు అన్నీ అందరికీ కనిపించే స్క్రాప్‌బుక్‌లో రాసుకునేవారు. 2007 ఆగస్టులో ముంబైలో ఒక పదహారేళ్ళ బాలుణ్ణి అపహరించి హత్య చేశారు. ఆర్కుట్ పరిచయాలే కారణమని పత్రికలు రాశాయి. విచారణను ఎదుర్కొన్నవారిని 2012లో కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. కానీ ఆ వార్తతో దేశమంతటా తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడింది.

చట్టం ఆ తర్వాత కదిలింది. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరులో అమలులోకి వచ్చింది. పిల్లల్ని లైంగిక ఉద్దేశంతో ఆన్‌లైన్ సంబంధంలోకి లాగడం 67బి సెక్షన్ కింద నేరమయింది. 2011 ఏప్రిల్‌లో నెట్ సెంటర్లకు నియమాలు వచ్చాయి. కేబిన్ల అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించరాదు. తల్లిదండ్రులో సంరక్షకులో తోడు లేకుండా పిల్లల్ని కేబిన్లలో కూర్చోబెట్టరాదు. మంచి నియమాలే. అయితే తర్వాతి కొన్నేళ్ళలో పిల్లలే ఆ కుర్చీలు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చౌకయింది. 2020లో కరోనా కాలపు ఆన్‌లైన్ తరగతుల కోసం తల్లిదండ్రులే అప్పు చేసైనా ఫోను కొనిచ్చారు. నెట్ సెంటరులో కనీసం పక్క సీటువాడి కన్ను ఉండేది. దుప్పటి కింద వెలిగే ఫోనుకు నాలుగున్నర అడుగుల నియమం ఎలా వర్తిస్తుంది?

2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి వివరాలు తీసుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలి. 2025 నవంబరులో వచ్చిన నియమాలు ఇందుకు 18 నెలల గడువిచ్చాయి. ఉద్దేశం గొప్పదే. కానీ మా వీధిలో ఎన్నో ఇళ్ళలో అమ్మ ఫోనుకు వచ్చే ఓటీపీ చదివి చెప్పేది కూతురే, నాన్న ఫోను పాస్‌వర్డ్ పెట్టింది కొడుకే. ఆ ఇళ్ళలో అనుమతి ఎవరు ఎవరికి ఇస్తున్నట్టు? ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళ లోపు వారికి ఖాతాలు ఇవ్వరాదంటూ, ఒట్టి పుట్టిన తేదీ అడిగి ఊరుకుంటే చాలదని కంపెనీలకే చెప్పింది. అదెంతవరకు నిలుస్తుందో కాలమే తేల్చాలి.

ఈ చరిత్రంతా తిరగేస్తే నాకు తోచేది ఒకటే. చట్టాలు పిల్లల వయసును లెక్కపెడుతూ వచ్చాయి. వేధించేవాడు వాళ్ళ భయాన్ని లెక్కపెట్టుకున్నాడు. "మీ ఇంట్లో చెప్పేస్తాను" అన్న బెదిరింపుకు అంత బలం మనమే ఇచ్చాం. అంతర్జాలం రాకముందు కూడా ఆడపిల్ల పుస్తకంలో ఎవడో పెట్టిన ఉత్తరం దొరికితే, శిక్ష పడింది ఆమె చదువుకే. బడి మాన్పించారు, సంబంధాలు చూశారు. నేడు ఫోను లాక్కుంటున్నారు, కాలేజీ మాన్పిస్తున్నారు. ఇది తెలిసిన పిల్ల నోరు విప్పుతుందా?

పరువు భయానికి చట్టంలో కొంత జవాబు ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు పత్రికలు బయటపెట్టకూడదు. వాంగ్మూలం ఇంటిదగ్గరే ఇవ్వవచ్చు. దాన్ని వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి నమోదు చేయాలి, అదీ యూనిఫాం లేకుండా. పిల్లల్ని రాత్రి స్టేషనులో ఉంచకూడదు. పిల్లల సహాయానికి 1098, సైబర్ నేరాలకు 1930 నంబర్లున్నాయి. ఆ సందేశాలను చెరిపెయ్యకుండా ఉంచితే అవే సాక్ష్యం.

అయితే వీటన్నిటికీ ముందు ఇంట్లో ఒక మాట పడాలి. "ఏం జరిగినా ముందు నాకు చెప్పమ్మా. నీ చదువు ఆపను, నీ మీద కోప్పడను" అని పిల్లలకు ఆపద రాకముందే చెప్పి ఉంచాలి. చెప్పిన మాట మీద నిలబడాలి. ఎనభై ఆరు అని రాసుకున్న ఆ తరం పిల్లల్లో ఎందరో నేడు తల్లిదండ్రులయ్యారు. ఆ గడి ఎంత తేలిగ్గా దాటవచ్చో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.